అదను దాటకముందే: ఒంటారియో ప్రీమియర్ శ్రీ డగ్ ఫోర్డ్ గారికి బహిరంగ లేఖ

ఒంటారియో ప్రీమియర్ శ్రీ డగ్ ఫోర్డ్ గారికి,



ఆర్యా,

అంటువ్యాధి ప్రబలిన వేళ రాష్ట్రమును మూయుట న్యాయమా, అన్యాయమా అను వాదము 2020 నుండి మన మధ్య ఎడతెగక సాగుచున్నది. ఆ వాదమున ఇరుపక్షములవారును గొంతులను, ఒక్కొక్కచో చిరకాల స్నేహములను కూడ పోగొట్టుకొనిరి. ఆ కలకలమునందు మఱుగుపడిన ప్రశ్న వేఱొకటి కలదు. మూయక తప్పనప్పుడు ఏ దినమున మూయవలెను, ఏ దినమున తెఱవవలెను, ఆ దినమును ఎవరు, దేనిని చూచి నిర్ణయింపవలెను, నిర్ణయము వెలువడుటకు ముందే ప్రజలకు ఏమేమి సమకూర్చి యుంచవలెను అనునదే ఆ ప్రశ్న. దానికి మన రాష్ట్రము నేటికిని శాసనరూపమున సమాధానము చెప్పలేదు. మహమ్మారి వాకిట లేని ఈ కాలముననే మీ ప్రభుత్వము ఆ సమాధానమును వ్రాసి యుంచవలెనని కోరుటకై ఈ లేఖ వ్రాయుచున్నాను.

నేను పీల్ ప్రాంతమునందలి బ్రాంప్టన్ నగరమున నివసించు తెలుగువాడను. కోస్తానుండియు, రాయలసీమనుండియు, తెలంగాణమునుండియు వచ్చి ఈ నగరమునను, పొరుగున మిస్సిసాగాయందును, టొరంటోయందును స్థిరపడిన మావారు కోవిడ్ తరంగములను మూడు తావులనుండి చూచిరి. కొందఱు ఆసుపత్రులలో రోగుల ప్రక్కన నిలిచి చూచిరి. కొందఱు గిడ్డంగులలోను, లారీల మీదను శ్రమించుచు చూచిరి. కొందఱు ఇంట కంప్యూటరు ముందు కూర్చుండి, జీతమునకు లోటు లేకుండ, కిటికీనుండి చూచిరి. ప్రభుత్వ ఉత్తరువు ఒక్కటియే యైనను అది ఈ మూడు తెగలవారి మీద మూడు విధములుగా పడినది. ఆ భేదమును దగ్గఱనుండి కన్నవాడనగుటచేత ఈ విషయమున నోరు విప్పుట నా విధియని తలంచుచున్నాను.

జరిగినదానిని ముందుగా తేదీల వరుసలో స్మరింపవలెను. 2020 జనవరి 25న, చైనాయందలి వూహాన్‌నుండి టొరంటోకు తిరిగివచ్చిన ఒకనికి కోవిడ్ సోకినట్లు ప్రకటింపబడినది. కెనడా దేశమున అదియే మొదటి కేసు. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించినది. మఱునాడు, మార్చి 12న, పాఠశాలల సెలవులకు కుటుంబములు నిశ్చింతగా వెళ్లి సంతోషముగా గడుపవచ్చునని మీరు పలికితిరి. అదే దినమున, సెలవుల తరువాత మఱి రెండు వారములు పాఠశాలలు మూసి యుండునని మీ ప్రభుత్వము ప్రకటించినది. మార్చి 17న అత్యవసర పరిస్థితిని ప్రకటించితిరి. మార్చి 24 అర్ధరాత్రికి అత్యవసరములు కాని వ్యాపారములు మూతపడినవి. రోగస్వభావమే తెలియని ఆ తొలి దినములలో తడబడినది మీరొక్కరే కారు. బ్రిటన్ ప్రభుత్వము మార్చి 23 వరకు ఆగినది. ఒక్క వారము ముందుగా మూసి యున్నచో మరణములలో కనీసము సగము తప్పి యుండెడివని అంటువ్యాధుల గణితజ్ఞుడు నీల్ ఫెర్గూసన్ ఆ సంవత్సరము జూన్ 10న అక్కడి పార్లమెంటు కమిటీ యెదుట చెప్పెను. తెలియని కాలమున జరిగిన జాగును క్షమింపవచ్చును. తెలిసిన పిమ్మట జరిగిన జాగును మాత్రము విచారింపక తప్పదు.

ఒక్క వారమునకు అంత విలువ ఎట్లు వచ్చినదో సామాన్య గణితమే చెప్పగలదు. ఒక పట్టణమున నేడు దినమునకు నూఱుమందికి వ్యాధి సోకుచున్నదనియు, ఆ సంఖ్య వారమునకొకమాఱు రెట్టింపగుచున్నదనియు అనుకొందము. కట్టుదిట్టములు చేసిన పిమ్మట అది రెండు వారములకొకమాఱు సగమగునని కూడ అనుకొందము. నేడే పూనుకొన్నచో నూఱు ఏబదియగుటకు రెండు వారములు చాలును. మూడు వారములు వేచి చూచినచో నూఱు రెండువందలై, నాలుగువందలై, ఎనిమిదివందలగును. ఎనిమిదివందలను ఏబదికి దింపుటకు నాలుగు మాఱులు సగము చేయవలెను, అనగా ఎనిమిది వారములు పట్టును. మూడు వారముల జాగు ఆఱు వారముల అదనపు బంధనమును తెచ్చి పెట్టినది. ఆ నడుమ మంచము పట్టినవారి లెక్కయు, పోయినవారి లెక్కయు వేఱు. దుకాణదారుని మీద దయచేతనే మూయుటకు వెనుకాడుచున్నామని పాలకులు చెప్పు మాట ఈ లెక్క ముందు నిలువదు. ఆ దుకాణమును ఎక్కువ కాలము మూసియుంచునది ఆ వెనుకాటే.

దీనికి తోడు మఱియొక చిక్కు కలదు. వ్యాధి సోకిన దినమునకును లక్షణములు పొడసూపు దినమునకును నడుమ సుమారు ఐదు దినములు గడచినవి. రోగి పరీక్షకు పోయి, ఫలితము వచ్చి, అది పట్టికకెక్కుటకు మఱికొన్ని దినములు. ఊపిరి చాలక ఆసుపత్రి చేరువారు ఇంచుమించు మఱొక వారమునకు చేరిరి. తీవ్రచికిత్సయు, మరణమును అంతకును తరువాతివి. కావున ఏ దినముననైనను ప్రీమియర్ గారి బల్ల మీదికి వచ్చు ఐసీయూ సంఖ్య రెండు మూడు వారములనాటి సమాజమునే చూపును. పడకలు నిండుదాక ఆగుదమనుకొన్న ప్రభుత్వము, ఆ పడకలకు రానున్న తరువాతి రోగులను కూడ అప్పటికే ఒప్పుకొన్నట్లు. మా వైపు రైతు చెరువుకట్ట మీద చెమ్మ ఊరుచున్న చోటు కనబడిన రాత్రియే మట్టితట్టతో బయలుదేఱును. గండి పడిన పిమ్మట ఊరంతయు కదలి వచ్చినను ఆ నీరు నిలువదని అతడెఱుగును.

ముందుచూపు మా పెద్దల వైద్యమునకును క్రొత్తది కాదు. చరకసంహితయందు విమానస్థానమున జనపదోధ్వంసనీయమను అధ్యాయము కలదు. భిన్నప్రకృతులు, భిన్నాహారములు గల జనులనెల్ల ఒక్క వ్యాధి ఒక్కమాఱుగా ఎట్లు కూల్చునో అది విచారించును. పాంచాలదేశపు కాంపిల్యనగరమున, గ్రీష్మాంతమున, గంగాతీరమందు శిష్యులతో సంచరించుచున్న పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునికి మొట్టమొదట చెప్పినది సేకరణమును గూర్చి: ప్రకృతియందు వికారచిహ్నములు తోచుచున్నవి గనుక, భూమి తన సారమును కోల్పోకముందే, జనపదము కూలకముందే ఓషధులను కూర్చుకొనవలెనని ఆయన హెచ్చరిక. చికిత్సావిచారము ఆ పిదప వచ్చును. వేలయేండ్లనాటి ఆ క్రమమును తలక్రిందులు చేసి, మనము జనపదము కూలుచుండగా ఓషధులకై వెదకితిమి.

అంత దూరము పోనక్కఱ లేదు. మన టొరంటో నగరమే 2003లో ఈ పాఠమును నేర్చినది. ఆ వసంతమున వచ్చిన సార్స్ వ్యాధి కెనడాలో 44 మందిని బలిగొన్నది. మార్చి 26న రాష్ట్రమున ప్రకటించిన అత్యవసర పరిస్థితిని మే 17న ఎత్తివేసిరి, జాగ్రత్తలు సడలినవి, ఆ మాసము ముగియకముందే నార్త్ యార్క్ జనరల్ ఆసుపత్రియందు వ్యాధి రెండవమాఱు బయటపడినది. మూయుటయందే కాక తెఱచుటయందును అదను తప్పవచ్చునని అప్పుడే తేలినది. ప్రమాదమును తగ్గించు చర్య శాస్త్రనిశ్చయము పూర్తియగుదాక వేచి యుండనక్కఱ లేదను సూత్రమును న్యాయమూర్తి ఆర్చీ క్యాంబెల్ తన కమిషన్ తుది నివేదికలో సుప్రతిష్ఠితము చేసెను. ఆ నివేదిక మన రాష్ట్రప్రభుత్వము కోరి వ్రాయించుకొన్నదే. అయినను, వృద్ధాశ్రమములలోని కోవిడ్ మరణములను విచారించిన మఱియొక కమిషన్ 2021 ఏప్రిల్ 30న తన నివేదికను సమర్పించుచు, సార్స్ నేర్పిన పాఠములు పాటింపబడలేదనియు, రాష్ట్రము సన్నద్ధముగా లేకుండెననియు చెప్పవలసివచ్చినది.

ఆ విస్మరణకు మూల్యము చెల్లించినవారు మన వృద్ధులు. మొదటి తరంగమున కెనడాలోని కోవిడ్ మృతులలో ప్రతి ఐదుగురిలో నలుగురు దీర్ఘకాల సంరక్షణ గృహములవారే. అక్కడి పరిచారికలలో పలువురు ఒక్కచోట నిండు పని దొరకక రెండు మూడు గృహములలో పనిచేసెడివారు. వారి వెంటనే వ్యాధియు ఒక గృహమునుండి మఱొక గృహమునకు నడచినది. ఒక ఉద్యోగి ఒక్క గృహముననే పనిచేయవలెనను ఉత్తరువును బ్రిటిష్ కొలంబియా మార్చి నెలాఖరుననే ఇచ్చినది. మన రాష్ట్రమున అది అమలునకు వచ్చినది ఏప్రిల్ 22న. ఆ నెలలోనే సైనికులను పిలువవలసివచ్చినది. ఐదు గృహములలో వారు చూచినదానిని వ్రాసిన నివేదిక మే 26న వెలువడినప్పుడు మీరు అందఱి యెదుట మిక్కిలి చలించితిరి. ఆ చలనము నిజమైనదని నేను నమ్ముచున్నాను. ఆ ఐదింటిలో ఒకటి మా బ్రాంప్టన్‌లోనిది.

రెండవ, మూడవ తరంగముల నాటికి ఈ సంగతులన్నియు తెలిసినవే. 2020 నవంబరు 3న మీ ప్రభుత్వము ఆంక్షల స్థాయిలను నిర్ణయించు రంగుల పట్టికను ప్రకటించినది. దాని హద్దులు ప్రజారోగ్య నిపుణులు సూచించినవానికంటె మిక్కిలి ఎత్తున నున్నవని పత్రికలు బయటపెట్టిన పిమ్మట, నవంబరు 13న వానిని దించితిరి. టొరంటోయు, పీల్‌యు 23న మూతపడినవి. మన ప్రతిస్పందన తక్కిన రాష్ట్రములలో పెక్కింటికంటె మందగతిని సాగినదనియు, సలహాలకై ఏర్పఱచిన యంత్రాంగము ఐదువందలమందిని మించి పెరిగినదనియు ఆడిటర్ జనరల్ బానీ లైసిక్ 25న నివేదించిరి. రాష్ట్రమంతట మూత డిసెంబరు 21న ప్రకటింపబడి, క్రిస్మస్ దాటిన పిమ్మట 26న అమలైనది. 2021 ఫిబ్రవరి 11న శాస్త్రసలహామండలి క్రొత్త రకపు వైరస్ వలన మూడవ తరంగము రానున్నదని లెక్కలతో చూపినది. ఆంక్షలు సడలింపబడినది ఆ మాసముననే. ఏప్రిల్ 8న ఇండ్లలోనే యుండుడను ఉత్తరువు మరల వచ్చినది. ఏప్రిల్ 16న ఒక్క దినమున 4,812 కేసులు నమోదైనవి; మే నెల మొదటికి ఐసీయూలలోని కోవిడ్ రోగుల సంఖ్య 900కు చేరినది.

ఆ ఏప్రిల్ 16ననే మీరు పసిపిల్లల ఆటస్థలములను మూయించి, దారిన పోవువారిని ఆపి ప్రశ్నించు అధికారమును పోలీసులకు ఇచ్చితిరి. ప్రజలు తిరుగబడగా మఱునాడే వెనుకకు తగ్గి, ఏప్రిల్ 22న క్షమాపణ చెప్పితిరి. ఈ ఘట్టమును నేను ఎత్తిచూపుటకు కారణము కలదు. అదను దాటిన పిమ్మట పాలకులకు ఆలోచించు వ్యవధి మిగులదు. ఏదో ఒకటి చేసి చూపవలసిన ఒత్తిడి మాత్రము మిగులును. ఆ తొందరలో వేసిన వేటు తగులవలసినచోట తగులక దుర్బలుల మీద పడును. ఆరుబయట ఊయలూగు బిడ్డలకు నిషేధము వచ్చినది. గోడల నడుమ వందలకొలది కార్మికులు భుజము భుజము రాచుకొని పనిచేయు గిడ్డంగుల తలుపులు మాత్రము ఆ రాత్రియు తెఱచియే యుండినవి. కాఠిన్యము జాగునకు మందు కాదు. అది జాగునకు పుట్టిన బిడ్డ.

ఆ గిడ్డంగులకు పోవువారి యిల్లు ఎట్లుండునో చెప్పెదను. మా వీధిలో ఇట్టివి అనేకములు. బేస్‌మెంటులో నలుగురు విద్యార్థులు అద్దెకుందురు. పైన దంపతులు, ఇద్దఱు పిల్లలు, సూపర్ వీసా మీద గుంటూరు జిల్లానుండి వచ్చిన అత్తగారు. భర్త లారీ నడుపును. భార్య ఏజెన్సీ ద్వారా గంటల లెక్కన ప్యాకింగు పనికి పోవును. రాత్రి షిఫ్టు మాఱువేళ వాకిట నుదుటికి గురిపెట్టి జ్వరము చూతురు. జ్వరము లేనిచో లోనికి, లోపల ఒకరు దించిన స్కానరును మఱొకరు అందుకొందురు. ఒక సాయంకాలము ఆమెకు గొంతు గరగరలాడును. పరీక్షకు పోయినచో ఫలితము వచ్చుదాక పనికి రావలదందురు. ఆ దినములకు కూలి యుండదు. మఱు వారము ఏజెన్సీనుండి పిలుపు వచ్చునో రాదో తెలియదు. ఒకటవ తేదీకి ఇంటి వాయిదా కట్టవలెను. ఆమె ఉప్పునీళ్లు పుక్కిలించి, మిరియాల పాలు త్రాగి, మాస్కు పెట్టుకొని వెడలును. వారము తిరుగకముందే అత్తగారికి దగ్గు, బేస్‌మెంటులో ఇద్దఱికి జ్వరము. ఆ యింట వేఱుగా ఉంచుటకు వేఱు గది లేదు.

లాక్‌డౌన్లన్నిటిలో ముందటిదియు, చౌకయైనదియు, ఎవరికిని కష్టము లేనిదియు ఏదియనగా, గొంతు గరగరలాడిన ఆ మొదటి సాయంకాలమే ఆమె ఇంట నిలిచిపోవుట. ఆ ఒక్క నిర్ణయము ఆమె చేతిలో లేదు. మీ చేతిలో నున్నది. ఉద్యోగులకు అంతకుముందున్న రెండు దినముల వేతనసహిత సెలవును మీ ప్రభుత్వము 2018లో శాసనము చేసి తొలగించినది. మహమ్మారి వచ్చి ఏడాది గడచి, మూడవ తరంగము శిఖరమున నుండగా, 2021 ఏప్రిల్ చివర మూడు దినముల వేతనసెలవు ఇచ్చితిరి. 2023 మార్చి 31తో అదియు ముగిసినది. రాష్ట్రము కదలకముందే నాటి పీల్ ప్రజారోగ్యాధికారి డాక్టర్ లారెన్స్ లోహ్ కదలవలసివచ్చినది: 2021 మార్చిలో బ్రాంప్టన్‌లోని అమెజాన్ గిడ్డంగి కార్మికులందఱును రెండు వారములు ఏకాంతమున నుండవలెనని ఆదేశించెను, ఏప్రిల్‌లో ఐదు కేసులు బయటపడిన పనిస్థలములను మూయించుటకు ఉత్తరువిచ్చెను. వ్యాధిని దగ్గఱనుండి చూచువాడు ముందుగా చూచును. అతని చేతికి అధికారము ముందుగా నుండవలెను.

ముందుగా కదలుట వలని ఫలమునకు మన దేశముననే నిదర్శనము కలదు. అట్లాంటిక్ తీరపు నాలుగు రాష్ట్రములు 2020 జూలై 3న తమలో తాము స్వేచ్ఛగా తిరుగుచు, బయటివారికి ఏకాంతవాసము విధించుకొన్నవి. నవంబరున హాలిఫాక్స్‌లో కేసులు దినమునకు నలుబదికి లోపుననే యుండగా నోవా స్కోషియా అక్కడి భోజనశాలలను మూసినది. కొన్ని వారములలో వ్యాధి అణగినది. 2021 ఏప్రిల్ చివర మరల తరంగము లేచినప్పుడు పది లక్షల జనాభాకు దినమునకు నూఱు కేసులైన రాకముందే ఆ రాష్ట్రమంతట మూత ప్రకటించిరి. మనము ఆ నెల 8న మూయునాటికి అదే లెక్కన రెండువందలు దాటి యుంటిమి. జూన్ మొదటివారమున అక్కడి పిల్లలు తరగతులకు తిరిగిపోయిరి. మన పిల్లలు సెప్టెంబరు దాక పోలేదు. చిన్న రాష్ట్రము, సముద్రపుటంచు, తక్కువ రాకపోకలు అను సౌకర్యములు వారికి కలవు; కాదనను. కాని ఆ రాష్ట్రపు ప్రధాన వైద్యాధికారిగా నుండిన డాక్టర్ రాబర్ట్ స్ట్రాంగ్ చెప్పిన మాటకును ప్రభుత్వపు చర్యకును నడుమ అక్కడ కాలము తక్కువ గడచినది. దానికి సముద్రముతో పని లేదు.

ఇంత చెప్పిన నేను, తొందరగా మూసిన చాలునని అనుట లేదు. మా మాతృదేశమున దానికి విరుద్ధమైన దృష్టాంతము కలదు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని నరేంద్ర మోదీ గారు 21 దినముల లాక్‌డౌన్ ప్రకటించిరి. నాలుగు గంటలలో దేశము మూతపడినది. నాటికి దేశమంతట నమోదైన కేసులు ఇంచుమించు ఐదువందలే. సంఖ్యను బట్టి చూచిన అది మిక్కిలి ముందటి చర్య. కాని కూలికి వలస వచ్చినవారికి తిండి యేది, ఊరికి దారి యేది అను ఆలోచన ఆ ప్రకటనకు ముందు జరుగలేదు. హైదరాబాదు చుట్టుప్రక్కల కట్టడపు పనులు చేయుచున్న ఇతర రాష్ట్రముల కూలీలు పనిలేక, ఊరు చేరలేక నిలిచిపోయిరి. లింగంపల్లి స్టేషనునుండి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో మొదటి శ్రామిక రైలు కదలునప్పటికి మే 1 వచ్చినది. శ్రీకాకుళపు మత్స్యకారులు గుజరాతు తీరమున వేరావల్‌లో పడవలలోనే వారములకొలది చిక్కుకొనిరి. సమయపాలనము అనగా ముందుగా చేయుట మాత్రమే కాదు. చేయుటకు ముందు చేయవలసినవానిని చేసి యుంచుట.

ఏడాది గడచిన పిమ్మట ఆ నేలయే జాగునకును మూల్యము చెల్లించినది. 2021 ఏప్రిల్ 19న తెలంగాణ హైకోర్టు ఆంక్షల విషయమున 48 గంటలలో నిర్ణయము చెప్పుడని ప్రభుత్వమును గద్దించిన మఱునాడు రాత్రి కర్ఫ్యూ వచ్చినది. లాక్‌డౌన్ మే 12న. ఆంధ్రప్రదేశ్‌లో పగటి కర్ఫ్యూ మే 5న మొదలైనది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో కొద్ది నిమిషములు ఆక్సిజన్ పీడనము తగ్గగా 11 మంది రోగులు కన్నుమూసిరి. ఆ దినములలోనే, ఏప్రిల్ 22న, కెనడా ప్రభుత్వము భారతదేశపు విమానములను నిలిపివేసినది. అవి తిరిగి నేరుగా ఎగురుటకు సెప్టెంబరు 27 వచ్చినది. భారతదేశమున గుర్తించిన రకపు వైరస్ కేసులు ఆ నిషేధమునకు ముందే బ్రిటిష్ కొలంబియాలో పదులకొలది తేలి యున్నవి. ఆ ఐదు నెలలలో మావారెందఱో కన్నవారి దహనసంస్కారములను ఫోనులో చూచి, స్నానము చేసి, ఆ రాత్రి మరల పనికి పోయిరి. ఆ నిషేధము కూడదని నేను చెప్పను. అది లోనికి వచ్చినదానిని ఆపుటకు వచ్చినదని మాత్రము చెప్పుదును.

వ్యక్తిస్వేచ్ఛను గూర్చి మీ పక్షమువారు చెప్పు మాటలలో బలము లేకపోలేదు. చిన్న దుకాణములు శాశ్వతముగా మూతపడినవి. చావునకు నలుగురు పోలేకపోయిరి. ఒంటరితనము అనేకుల మనస్సులను విఱిచినది. 2021 మే నాటికే మన రాష్ట్రపు పాఠశాలలు 20 వారములు మూసి యుండినవి. కెనడాలో మఱే రాష్ట్రమునను పాఠశాలలు అంత కాలము మూసి యుండలేదు. టొరంటోలో భోజనశాలల లోపల కూర్చుండి తినుట 2020 అక్టోబరు 10 నుండి 2021 జూలై 16 దాక నిషిద్ధమైనది. స్వేచ్ఛ యెడల ప్రీతి గల ప్రభుత్వము చేతనే ప్రజలు ఇంత దీర్ఘకాలము బంధింపబడుట ఆలోచింపదగిన విషయము. స్వేచ్ఛను కోరువారే అందఱికంటె ముందుగా సకాలచర్యను కోరవలెను; ఏలనన, ఆలస్యమైన కొలదిని ఆంక్ష కఠినమగును, దీర్ఘమగును.

ఇక నా విన్నపములు.

మొదటిది, హద్దులను ముందుగా శాసనమున వ్రాయుడు. పరీక్షలలో వ్యాధి తేలు శాతము, ఆసుపత్రి పడకల స్థితి, మురుగునీటిలో వైరస్ పరిమాణము ఏ మేరకు పెరిగినప్పుడు ఏ చర్య మొదలగునో, ఏ మేరకు తగ్గినప్పుడు అది తొలగునో ప్రజలందఱికిని తెలిసి యుండవలెను. హద్దు దాటిన మూడు దినములలో మంత్రివర్గము చర్యయైన తీసికొనవలెను, తీసికొననిచో కారణమును శాసనసభకు వ్రాసియైన ఈయవలెను. రోగి ఆసుపత్రి చేరుటకు ఎన్నో దినములు ముందుగానే వ్యాధిని చూపగల మురుగునీటి పరిశీలనను మీ ప్రభుత్వము 2024 జూలై 31తో నిలిపివేసినది. మన కన్నులలో ముందుగా చూచు కన్ను అది. దానిని తిరిగి తెఱవుడు.

రెండవది, రాష్ట్ర ప్రధాన వైద్యాధికారిని ఆడిటర్ జనరల్ వలె శాసనసభకు జవాబుదారియైన స్వతంత్రాధికారిగా నిలుపుడు. ఆ వైద్యాధికారి ఇచ్చు సలహా ఇచ్చిన దినముననే ప్రజలకు వెల్లడి కావలెను. విశ్వవిద్యాలయపు నీడను స్వతంత్రముగా పనిచేసిన శాస్త్రసలహామండలి 2022 సెప్టెంబరులో రద్దయినది. సలహాను పాటించుటయో, త్రోసివేయుటయో ఎన్నికైన మీ హక్కు. సలహా యేమో తెలిసికొనుట మా హక్కు.

మూడవది, వేతనసహితమైన అనారోగ్యపు సెలవును శాశ్వతశాసనము చేయుడు. అంటువ్యాధి ప్రకటింపబడిన దినముననే అది తనంత తాను పెరుగునట్లు వ్రాయుడు. ఏజెన్సీల ద్వారా పనిచేయువారికి కూడ అది వర్తింపవలెను. వారిని విడిచిన శాసనము వ్యాధికి వాకిలి విడిచిన శాసనమే.

నాలుగవది, మూయవలసివచ్చినప్పుడు పాఠశాల చివర మూతపడవలెను, మొదట తెఱువబడవలెను. ప్రకటనకును అమలునకును నడుమ జనులు సర్దుకొనుటకు వ్యవధియు, ఆ దినముననే అందు ఆర్థికసాహాయ్యమును ఉండవలెను. ఆ ఉత్తరువులు ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలోనే కాక పంజాబీ, తమిళము, ఉర్దూ, తెలుగు మొదలగు మా యిండ్ల భాషలలోను అదే గంటకు వెలువడవలెను. ఏలనన ఇంటి వంటగదిని ఏలు అత్తగారికి ఆ మాట అర్థమైనప్పుడే ఆ యింట అది అమలగును.

ఈ విన్నపములకు తొందర లేదని మీరు తలంపరాదు. 2024 అక్టోబరులో మన రాష్ట్రమున మొదలైన తట్టువ్యాధి ఏడాదిపాటు నిలిచి రెండువేల మందికి పైగా సోకినది. 2025 నవంబరులో కెనడా ఆ వ్యాధిని నిర్మూలించిన దేశమను గౌరవమును కోల్పోయినది. టీకా చిరకాలముగా చేతనున్న వ్యాధియే ఇట్లు వ్యాపింపగలిగినచో, టీకా లేని క్రొత్త వ్యాధి మనకు ఎంత వ్యవధి ఇచ్చునో ఊహింపుడు. అది వచ్చిన రాత్రి అధికారమున ఏ పక్షమువారున్నను, ఆ ప్రీమియర్ చుట్టును వ్యాపారులు, వైద్యులు, తల్లిదండ్రులు, స్వపక్షపు సభ్యులు పరస్పరవిరుద్ధమైన సలహాలతో నిలిచి యుందురు. అట్టి రాత్రి ఒక్క మనుష్యుని గుండెధైర్యము మీద కోటిన్నరకు మించిన ప్రజల ప్రాణములను ఆధారపఱచుట న్యాయము కాదు. ప్రశాంతమున ఆలోచించి వ్రాసిన శాసనము ఆ రాత్రి ఆయనకు అండయగును.

మీరు ఆ భారమును మోసినవారు. అది ఎంత బరువో మీకంటె ఎఱిగినవారు ఈ రాష్ట్రమున లేరు. కావుననే ఈ శాసనము మీ చేతిమీదుగా రావలెనని కోరుచున్నాను. 2021 ఏప్రిల్ 22న మీరు ప్రజలను క్షమాపణ వేడితిరి. ఈ సభాకాలముననే ఆ బిల్లును ప్రవేశపెట్టినచో నాటి మీ మాట నేడు కార్యమగును.

ఇట్లు,
విధేయుడు,
బ్రాంప్టన్ నివాసియగు ఒక తెలుగు పౌరుడు